తేటనీళ్ళు

మర్రిగూడ కాడ మా బోరునీళ్ళు
అద్దం లెక్క ఉండేటియి.
గ్లాసుల పోస్తే అడుగు కనవడేది.
వాసన లేదు, రంగు లేదు,
కొంచెం తియ్యగ గూడ ఉన్నయనేటోళ్ళు సుట్టాలు.
ఆ నీళ్ళే మా అమ్మ తబితమ్మ నడుమును
నలభై ఏండ్లకు కొడవలి జేసినయి.

ఒక్కనాడు వంచలే.
పొద్దుకొక్క సెంబు, మాపుకొక్క సెంబు,
పత్తిచేన్ల దూపైతే దోసిలి నిండ,
ఎముకకు తెల్వకుంట ఎముకల కూసున్నయి.

నేను నల్లగొండల నీళ్ళు పరీక్ష జేసే ల్యాబుల పన్జేస్త.
సీసాల నీళ్ళు, రెండు సుక్కల మందు,
రంగు మారితె రాసుకుంట.
"కండ్లతోని సూస్తే తెల్వదమ్మా" అంటె
"నాకు జెప్తున్నవా కొడకా" అని నవ్వుతది,
నేలను సూసుకుంటనే.

యాభై రెండో ఏట రాత్రిబడిల అచ్చరాలు నేర్సింది.
వాచకం అయిపోంగనె బైబిలు వట్టింది.
రోజుకొక్క అధ్యాయం.
కోడి కూయకముందే, అరుగు మీద బల్బు కింద,
వేలు పెట్టి, ఒత్తు కాడ ఆగి,
పొల్లు కాడ మల్ల వెనుకకొచ్చి.
వంగిన నడుముకు పుస్తకం దగ్గరనే ఉంటది,
అదొక్కటే లాభమంటది.
ఏడేండ్లల్ల రెండుసార్లు ఆఖరి పేజి ముట్టింది.

"ఆదివారం పాస్టరు మంచిగనే జెప్తడు గదనే" అంటె
"ఆయన ఒక్కపూట వండివెడ్తడు,
వారమంత పొయ్యి నేనే అంటువెట్టుకోవాలె" అన్నది.

ఎవడెవని గన్నడో ఆ పేర్ల పట్టీ గూడ ఇడువది.
గుడారం తెరల కొలతలు, మూరలు, కొంకీలు,
ఇంటుంటె నాకు నిద్రొచ్చేది.
"గియ్యెందుకే, దాటెయ్యి" అన్న ఒకసారి.
"బియ్యమేరేటప్పుడు
రాయున్న కాన్నే సూస్తమా, సాటంత సూడమా?"

మొన్న ఎండకాలం చండూరుకొక బోధకుడొచ్చిండు.
తెల్లబట్టలు, తెల్లకారు, నాలుగు సౌండు బాక్సులు.
గొంతు మంచిదే. అబద్ధమాడను,
నాకు గూడ కండ్లల్ల నీళ్ళొచ్చినయి.
అడుగుండ్రి దొరుకుతది అన్నడు.
నూనె సీసా ఎత్తి
అయిదువేలు విత్తుండ్రి, వంగిన నడుములు లేస్తయన్నడు.
మా వాడల సగం మందికి నడుములు వంగినయే.
జక్కరయ్య పెండ్లాం చెవుల కమ్మలు తీసింది.

అమ్మ లేవలే, అరవలే.
సంచిలకెల్లి బైబిలు తీసింది.
బస్సు టికెటు గుర్తువెట్టిన పేజి గాదు,
యాడనో ఎనుక, వేలుకు ఎరుకైన కాడికి పోయింది.
పక్కన కూసున్నామెకు నెమ్మదిగ సదివి ఇనిపిచ్చింది.
అడుగుమన్న మాట ఉన్నది, నిజమే.
ఎందుకోసం అడుగుతున్నవని
నిలదీసే మాట గూడ ఉన్నది.
"సగమే జెప్పిండు బిడ్డా. తేటగనే ఉన్నది. తాగొద్దు."

కమ్మలు మల్ల చెవులకెక్కినయి.
ముందు వరుసలోళ్ళు మాత్రం సీసాలు కొన్నరు,
మా అన్న గూడ కొన్నడు.

ఇంటికొచ్చినంక రాత్రి అమ్మ ఏడ్సింది.
ఎందుకంటె చాలసేపు జెప్పలే.
"నాకు గూడ లేవాల్నని ఉండె కొడకా,
ఆ సీసా దిక్కు చెయ్యి పోయింది.
వాన్ని పట్టిచ్చిన మాటనే
నన్ను గూడ పట్టిచ్చింది."
తెల్లారి చెల్లె సాలొమి ఇంటికి పోయి
మూడేండ్ల కింది నీళ్ళ డ్రమ్ము కొట్లాటల
తప్పు నాదే అని జెప్పొచ్చింది.
ఆ సంగతికీ బోధకునికీ ఏం సంబంధమో
నాకు ఇయ్యాల్టికీ పూర్తిగ అర్థం గాలే.

నా ల్యాబుల మందుసుక్క ఉన్నది, నిమిషంల తేలుతది.
అమ్మకాడ అసొంటి సుక్క లేదు.
బోరునీళ్ళెట్ల ఎక్కినయో గట్లనే,
పొద్దుకొక్క పేజి, పొద్దుకొక్క పేజి,
ఎముకల కూసున్నదేదో ఉన్నది.
అబద్ధం తాకితే అది సలుపుతది.

ఇప్పుడు మా నల్లాలల్ల కృష్ణ నీళ్ళొస్తున్నయి.
అమ్మ ఒక గ్లాసు పట్టి, బల్బుకు అడ్డంగ జూసి
నాకందిస్తది: "తీస్కపో, ఎంతున్నదో రాసుకరా."
అటెన్క వేలు పెట్టి
నిన్న ఆపిన కాడికెల్లి మొదలువెడ్తది.
ఇయ్యాల మల్ల పేర్ల పట్టీ.
ఒకని పేరు నోరు తిరుగక
మూడుసార్లు సదివింది.